వదిలిన రాక్‌ఫిష్ మునగకుండా తేలుతుంటే ఏం చేయాలి?

కాలిఫోర్నియాలో పడవ మీద చేపల వేటకు వెళ్తే ఎల్లోఐ రాక్‌ఫిష్ (లోతున రాళ్ల దగ్గర ఉండే సముద్రపు చేప) గాలానికి పడింది, ఉంచుకోకూడదని వదిలితే వెల్లకిలా తేలింది, పక్కనున్నాయన కత్తిమొనతో పొడిచి గాలి తీయమన్నాడు, తీయొచ్చా అని అడిగారు. వద్దండీ. నోట్లోంచి ఉబ్బి బయటికొచ్చింది గాలితిత్తి (చేపను నీటిలో తేలేలా నిలిపే లోపలి గాలి సంచి) కాదు, తిరగబడ్డ జీర్ణాశయం. దాన్ని పొడిస్తే చేపను చేజేతులా చంపినట్టే.

రాక్‌ఫిష్ గాలితిత్తికి గొంతులోకి దారి లేదు. 60 మీటర్ల లోతులో ఒత్తిడి నీటి పైనున్న దానికి 7 రెట్లు. పైకి లాగేసరికి లోపలి గాలి అన్ని రెట్లూ ఉబ్బి కళ్లను, పొట్టను బయటికి నెడుతుంది. చచ్చినట్టు కనిపించినా తిరిగి లోతుకు దించితే చాలావరకు కోలుకుంటుంది. అలాస్కాలో ఎల్లోఐ మీద చేసిన ఒక అధ్యయనంలో (2011) దించి వదిలినవి 98 శాతానికి పైగా బతికాయి, పైనే వదిలినవి 22 శాతమే.

దించడానికి 'డిసెండింగ్ డివైస్' వాడాలి. సీక్వలైజర్ లాంటిదైతే కింది దవడను పట్టుకుని, మీరు పెట్టిన లోతులో (50, 100, 150 అడుగులు) తనంతట తనే విడుస్తుంది. ఖర్చెందుకనుకుంటే, ఎదురుముల్లు లేని పెద్ద కొక్కేన్ని తలకిందులుగా వాడండి: దారం కొక్కెం వంపుకి, సీసం కాడకి, మొన కిందికి. కింది పెదవికి తగిలించి దింపి, అడుగు చేరాక దారాన్ని ఒక్కసారి గట్టిగా పైకి గుంజితే ఊడొస్తుంది.

ఎక్కువమంది తప్పేది సీసం బరువు దగ్గరే. ఉబ్బిన చేప బెండులా పైకే లాగుతుంది, అరకిలో సీసంతో పెద్ద ఎల్లోఐ దిగదు. కిలోన్నర నుంచి 2 కిలోలు ఉంచుకోండి. దీనికి వేరే కర్ర, రీలు ముందే సిద్ధంగా ఉండాలి, చేప పడ్డాక వెతుక్కుంటే కుదరదు. 2 నిమిషాల్లో నీళ్లలో ఉండాలి కాబట్టి ఫొటో ఒక్కటి చాలు. వెన్నుముళ్లు గుచ్చుకుంటే బాగా సలుపుతుంది, చేయి జాగ్రత్త.

వాషింగ్టన్‌లో 2017 నుంచి, అలాస్కాలో 2020 నుంచి ఈ పరికరం పడవలో ఉండి తీరాలి. ఎల్లోఐ నూరేళ్లు దాటి బతుకుతుంది, పిల్లలు పెట్టే వయసుకు రావడానికే పదిహేను ఇరవై ఏళ్లు పడుతుంది. అందుకే ఒకసారి తగ్గిన సంఖ్య దశాబ్దాలకు గానీ కోలుకోదు.

పరికరం ఉంది కదా అని కోటా నిండాక కూడా సరదాకి పట్టి వదలకండి, గాలాలు చుట్టేయండి. ఒకేచోట రెండో ఎల్లోఐ పడిందంటే అక్కడ ఇంకా ఉన్నట్టే, పడవను పక్క రాళ్లకు జరపమనండి.