మేనకోడలికి గళ్ళ నుడికట్టు గురించి

చిరంజీవి మేనకోడలికి విజయనగరం నుంచి మీ మావయ్య ఆశీర్వదించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

శ్రీకాకుళంలో జరిగే గళ్ళ నుడికట్టు పోటీకి నువ్వు పేరు ఇచ్చావనీ, ఈసారి ఆధారాలన్నీ దేశాల మీదేననీ మీ అమ్మ చెప్పినప్పటి నుంచి సంతోషంతో పాటు దిగులూ పట్టుకుంది. ముందు పెన్సిలుతో పూరించు. ఒత్తు అక్షరంతోనే ఉంటుంది, చివరి పొల్లుకు వేరే గడి కావాలి. బర్మాకు రెండు గళ్ళు, మయన్మార్‌కు నాలుగు. ఇవన్నీ నీకు తెలిసినవే.

నా భయమంతా ఆ బర్మా గురించే. మీ ముత్తాత కళింగపట్నంలో ఓడెక్కి బర్మాలోని రంగం వెళ్ళి, బియ్యం మిల్లులో బస్తాలు మోసి, 1942లో జపాన్ సైన్యం వచ్చిపడితే అడవుల వెంట నడిచి ఇల్లు చేరిన మనిషి. ఆయన నోట రంగూన్ అన్న మాటైనా నేను వినలేదు, కడదాకా రంగమే.

చాలా ఏళ్ళ కిందట ఒక బహుమతి నుడికట్టులో 'మయన్మార్‌లో పెద్ద నగరం, నేటి పేరు' అని అడ్డం ఆధారం వచ్చింది, మూడు గళ్ళు. తాత కళ్ళముందు మెదిలాడేమో, 'నేటి పేరు' అన్నది నా కంటికి ఆనలేదు. సిరాతో రంగూన్ అని రాసేశాను. నిలువుగా దిగిన జపాన్ కూడా ఆ చివరి పొల్లుతోనే ముగియడంతో ఇక తిరుగులేదనుకున్నాను. మొదటి గడి నుంచి కిందికి 'యంత్రాలకు సంబంధించినది' కావాలి. 'రం'తో ఏమీ కుదరక, రంపమూ పనిముట్టే కదా అని సర్దిచెప్పుకుని 'రంపపు' అని ఇరికించాను. వారం తర్వాత జవాబులు చూస్తే యాంగోన్, యాంత్రికం. తక్కిన గళ్ళన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు తల్లీ. మాటను ఇరికించవలసి వచ్చిందంటే తప్పు ఆ మాటలో లేదు, అంతకు ముందు నమ్మకంగా రాసినదాంట్లో ఉంది. ముందు దాన్నే చెరుపు.

దేశం ఆధారంలో ఏ కాలపు పేరు అడిగారో చూడు. 1989లో బర్మా సైనిక ప్రభుత్వం దేశం పేరును మయన్మార్ అనీ, రంగూన్ పేరును యాంగోన్ అనీ కలిపి మార్చింది, 2005లో రాజధానిని నేపిడాకు తరలించింది. రంగూన్, యాంగోన్, నేపిడా మూడూ మూడేసి గళ్ళే కనుక లెక్క నిన్ను కాపాడదు. లోకమాన్య తిలక్ గారిని ఖైదు చేసిన మాండలే కూడా మూడే. అక్కడి పెద్ద నది అంటే మాత్రం ఇరావతి రాసుకో.

మొన్న ఫోనులో జవాబులు వెతుకుతున్నావని కసిరాను, మనసులో పెట్టుకోకు. పోటీ గదిలో ఫోను ఉండదన్న భయంతోనే ఆ మాటన్నాను. ఒకవేళ 'రంగూన్‌కు మన పల్లెల పేరు' అని రెండు గళ్ళ ఆధారం వస్తే, అది మాత్రం పెన్సిలు పక్కన పెట్టి సిరాతో రాయి.

ఇట్లు,
మీ మావయ్య