హ్యూమన్ జాగ్రఫీ గుర్తుండటం లేదా? జనగణన ఫారంతో మొదలుపెట్టండి

నర్సంపేట నుంచి గ్రూప్-2కు ప్రిపేర్ అవుతున్నానని, జనాభా, వలస, భాష, మతం చాప్టర్లు బట్టీ పట్టినా మర్నాటికి నిలవడం లేదని మీరు నాకు రాశారు. నిర్వచనం వచ్చినా సొంత ఉదాహరణ రాయమంటే చేయి ఆగిపోతోందని, పరీక్ష తలచుకుంటేనే టెన్షన్‌గా ఉందని అన్నారు. నేను సోషల్ టీచర్‌ని, హనుమకొండలో ఉంటాను. నాకు ఈ సబ్జెక్టు నిజంగా అర్థమైంది 2011లో, జనగణన ఎన్యూమరేటర్‌గా ఇంటింటికీ తిరిగినప్పుడు. అందుకే మీకూ అక్కడి నుంచే చెబుతాను.

అప్పుడు నా ఉద్యోగం కోరుట్ల దగ్గర, మా సొంతూళ్లోనే. ఫిబ్రవరి 9 నుంచి 28 దాకా లెక్కింపు. ఫారంలో 29 ప్రశ్నలు. వయసు, మతం, మాతృభాష, ఇంకా ఏ భాషలు వచ్చు, పుట్టిన ఊరు, ఇంతకుముందు ఎక్కడున్నారు, అక్కడి నుంచి ఎందుకు వచ్చారు, వచ్చి ఎన్నేళ్లయింది, ఎంతమంది పిల్లలు పుట్టారు... మీ నాలుగు చాప్టర్లూ ఆ ఒక్క కాగితంలో పక్కపక్కనే ఉన్నాయి.

మా ఇల్లు కూడా నా బ్లాకులోనే పడింది. అమ్మ బీడీలు చుడుతూ కూర్చుంది. బాపు పేరు, అమ్మ పేరు, వదిన పేరు, పిల్లల పేర్లు రాసి ఫారం మడవబోతుంటే అమ్మ చాట పక్కన పెట్టి, "మీ అన్న పేరేది బిడ్డా?" అంది. అన్న అప్పటికి నాలుగేళ్లుగా దుబాయ్‌లో ఉన్నాడు. లెక్కింపు రోజుల్లో ఒక్కరోజు కూడా ఊళ్లో లేనివాళ్లను రాయకూడదు. అదే చెప్పాను. "రేషన్ కార్డుల ఉన్నడు, ఓటరు లిస్టుల ఉన్నడు, నీ కాగితంల ఎందుకు లేడు?" అంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. మా వాడలో దాదాపు ప్రతి మూడో ఇంట్లో ఎవరో ఒక తల్లి ఇదే అడిగింది. ఆ ఇరవై రోజులూ నాకు రాత్రుళ్లు సరిగ్గా నిద్ర పట్టలేదు.

తర్వాత లెక్కలు వచ్చాయి. వెయ్యిమంది పురుషులకు స్త్రీలు దేశంలో 943, తెలంగాణలో 988, పాత కరీంనగర్ జిల్లాలో 1008, పాత నిజామాబాద్ జిల్లాలో 1040. కోచింగ్ నోట్సుల్లో 1040 పక్కన "అత్యధికం" అని రాసి వదిలేస్తారు. మా దగ్గర ఆడపిల్లలు ఎక్కువగా పుడుతున్నారని దానికి అర్థం కాదు. ఆరేళ్లలోపు పిల్లలను మాత్రమే తీసుకుంటే రాష్ట్రంలో ఆ నిష్పత్తి 930 పైచిలుకే. మరి పెద్దవాళ్ల దగ్గరకు వచ్చేసరికి లెక్క ఎందుకు తిరగబడింది? ఆడవాళ్లు సాధారణంగా ఎక్కువ కాలం బతుకుతారు, అది ఒక కారణం. మా జిల్లాల్లో ఇంకో పెద్ద కారణం, నేను రాయలేకపోయిన పేర్లు. లింగ నిష్పత్తి అనే "జనాభా" అంకె వెనక "వలస" ఉంది. ఈ ఒక్క ముడి పట్టుకుంటే రెండు చాప్టర్లు మీకు కలిసి గుర్తుంటాయి.

వలసను మన దగ్గర ఒక్క మాటలో చెప్పేస్తారు: బొంబాయి, దుబాయి, బొగ్గుబాయి. 1889లో ఇల్లెందులో బొగ్గు తవ్వకం మొదలయ్యాక సింగరేణి వెంట బెల్లంపల్లి, మందమర్రి, గోదావరిఖని, భూపాలపల్లి వరకు జనం కదిలారు. నేతపని వాళ్లు బొంబాయి, భీవండి, సోలాపూర్, సూరత్ పట్టారు. 1973 తర్వాత చమురు డబ్బుతో గల్ఫ్ దేశాల్లో కట్టడాలు లేస్తుంటే మా వైపు వాళ్లు అటు వెళ్లారు. ఇవి మూడూ వేర్వేరు కథలే అయినా, ఆకర్షణ, వికర్షణ కారకాలు మూడింటిలోనూ కనిపిస్తాయి.

అన్న సంగతే చూడండి. మాది కాలువ నీళ్లు అందని చెలక. రెండు బోర్లు వేస్తే రెండూ ఎండిపోయాయి, అప్పు మిగిలింది. ఇది వికర్షణ, ఊరు బయటకు నెట్టడం. దుబాయ్ జీతం ఆకర్షణ. కానీ ఈ రెండే ఉంటే ఊరంతా ఒకేసారి వెళ్లిపోవాలి కదా? వలసల మీద సిద్ధాంతం రాసిన ఎవరెట్ లీ 1966లో చెప్పిన మాట ఇక్కడ పనికొస్తుంది: మధ్యలో అడ్డంకులు ఉంటాయి. పాస్‌పోర్ట్, మెడికల్, వీసా డబ్బు, మనుషుల మోసం. ఒక ఏజెంటు డ్రైవర్ పని అని చెప్పి డబ్బు తీసుకున్నాడు. అక్కడ దిగాక అన్నకు దొరికింది కట్టడం దగ్గర హెల్పర్ పని. ఆ అప్పు తీరడానికి మూడేళ్లు పట్టింది. మరి అంత దూరం, అంత అడ్డంకి ఉన్నా దుబాయే ఎందుకు? అన్న ఉన్న లేబర్ క్యాంపులో మా ఊరివాళ్లే ఏడుగురు ఉన్నారు. ముందు వెళ్లినవాడు తర్వాతి వాడిని లాగుతాడు. గొలుసు వలస అంటే ఇదే. మా ఊరి వాళ్లకు మనసులో దుబాయ్ హైదరాబాద్ కంటే దగ్గర.

రావెన్‌స్టీన్ 1885లో రాసిన వలస సూత్రాల్లో రెండు గుర్తుపెట్టుకోండి. ఎక్కువమంది వెళ్లేది దగ్గరి దూరాలకే. ఆ దగ్గరి దూరాల్లో ఆడవాళ్లే ఎక్కువగా కదులుతారు. వలసదారు అనగానే మనకు సూట్‌కేసు పట్టుకున్న మగవాడు కళ్లముందు మెదులుతాడు. ఫారంలో మాత్రం "వలసకు కారణం" కింద పని, వ్యాపారం, చదువుతో పాటు పెళ్లి కూడా ఉంటుంది. ఊరంతా తిరిగి చూస్తే, పెళ్లి అని రాసిన గడులే అన్నిటికంటే ఎక్కువ. మన దేశమంతటా ఇదే తీరు. మా అమ్మ మెట్‌పల్లి వైపు నుంచి వచ్చింది. యాభై ఏళ్లు మా ఊళ్లో ఉన్నా లెక్కలో ఆమె వలసదారే. "నేను వలస వచ్చిన్నా?" అని ఆశ్చర్యపోయింది. పెళ్లయి హనుమకొండకు వచ్చిన నేనూ ఆ వరుసలోనే ఉన్నాను. ఈ పాఠం చెప్పినప్పుడల్లా క్లాసులో ఆడపిల్లలు ఒక్కసారి తలెత్తి చూస్తారు. అది నాకు చాలా ఇష్టం.

మా అత్తగారిది పరకాల వైపు నేత కుటుంబం. మామయ్య వరంగల్‌లోని ఆజంజాహి బట్టల మిల్లులో పనిచేశారు. 1934లో పెట్టిన ఆ మిల్లు వేలమందికి అన్నం పెట్టింది, తర్వాత మూతపడింది. మామయ్య తమ్ముడు అప్పటికే సూరత్ వెళ్లిపోయారు. భాష గురించి చదివేటప్పుడు నాకు ఆ చిన్న మామయ్య ఇల్లే గుర్తొస్తుంది. ఆయన తెలుగులో మాట్లాడతారు, ఉత్తరం రాస్తారు. పిల్లలు తెలుగు మాట్లాడతారు గానీ చదవలేరు. మనవలు అమ్మమ్మతో తెలుగు, బడిలో గుజరాతీ, వీధిలో హిందీ. వలస వెళ్లిన భాష మూడు తరాల్లో ఎలా సన్నబడుతుందో ఒక్క ఇంట్లో చూడొచ్చు. కానీ మతం, పండగ అంత తొందరగా సన్నబడవు. పద్మశాలీలు ఎక్కడ స్థిరపడితే అక్కడ మార్కండేయుడి గుడి కట్టుకుంటారు, బతుకమ్మ పేరుస్తారు. మనుషులతో పాటు స్థలం మారి ఆచారం వ్యాపించడం అంటే ఇదే. పుస్తకంలో దాన్ని పెద్ద మాటతో రాస్తారు, మీరు మాత్రం మార్కండేయ గుడి అని గుర్తుపెట్టుకోండి.

భాష రెండో వైపు నుంచి కూడా వస్తుంది. గల్ఫ్ నుంచి సెలవుకు వచ్చిన ఒకతను "ఇతర భాషలు" దగ్గర హిందీ, అరబీ అని రాయించుకున్నాడు. కఫీల్ (పనికి పెట్టుకున్న యజమాని), అకామా (అక్కడ ఉండటానికి అనుమతి కార్డు), ఖల్లివెల్లి (కాగితాలు లేకుండా ఉండిపోవడం) లాంటి మాటలు మా ఊళ్లో ఎన్నడూ విమానం ఎక్కని ముసలమ్మలకు కూడా తెలుసు.

తండాలో జరిగింది మాత్రం నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. ప్రతి ఇంట్లో మాతృభాష లంబాడీ అని జాగ్రత్తగా రాశాను. ఆ తర్వాత భాషల పట్టిక చూస్తే లంబాడీని హిందీ కింద కలిపేశారు. లంబాడీ ఇండో-ఆర్యన్ కుటుంబానిదే, నిజమే. కానీ నేను రాసుకున్న ఆ ఇళ్లలో పెద్దవాళ్లకు హిందీలో నాలుగు మాటలు కూడా రావు. భాషకు, మాతృభాషకు జనగణన చేసే తేడా ఏమిటని పరీక్షలో అడిగితే ఈ ఉదాహరణ రాయండి. అలాగే ఇంకొకటి: చాలామంది గోండి, కోయ మాటలను తెలుగుకు దూరం అనుకుంటారు. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి చేసిన ద్రావిడ భాషల వర్గీకరణలో తెలుగు, గోండి, కువి ఒకే ఉపశాఖలో ఉంటాయి. అంటే తమిళం కంటే గోండియే తెలుగుకు దగ్గరి చుట్టం. మన పక్క ములుగు, ఆదిలాబాద్ అడవుల్లోనే ఆ చుట్టాలున్నారు. రాజ్యాంగం గుర్తించిన భాషల జాబితా అయిన ఎనిమిదో షెడ్యూలులో గోండికి ఇంకా చోటు లేదు.

మతం దగ్గర విద్యార్థులు తడబడేది, ఒక నేలకు, ఒక జనానికి కట్టుబడిన విశ్వాసాలకూ అందరినీ కలుపుకుంటూ పాకే మతాలకూ తేడా చెప్పమంటే. మొదటిదానికి మేడారం రాయండి. చిలకలగుట్ట నుంచి సమ్మక్క, కన్నెపల్లి నుంచి సారలమ్మ వస్తారు. విగ్రహాలు ఉండవు, గద్దెలు ఉంటాయి, బెల్లమే బంగారం. ఆ గుట్టను ఇంకోచోటికి తీసుకెళ్లలేం. అందుకే రెండేళ్లకోసారి మాఘంలో జనమే అక్కడికి కదులుతారు, ఛత్తీస్‌గఢ్, మహారాష్ట్ర నుంచి కూడా. నాలుగు రోజుల్లో తిరిగి వెళ్లిపోతారు కాబట్టి దీన్ని వలస అనరు, తాత్కాలిక చలనం అంటారు. రెండోదానికి డోర్నకల్ కేథడ్రల్ చూసి రండి, మీకు దూరం కాదు. 1912లో తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్ అయిన అజరయ్య పూనుకుంటే, 1939లో ఆ చర్చి ప్రతిష్ఠ జరిగింది. గుడి స్తంభాలు, మసీదు గుమ్మటాలు గుర్తుకు వచ్చేలా కట్టారు. సముద్రం దాటి వచ్చిన మతం మన నేల రూపం తొడుక్కోవడం కళ్లతో చూస్తారు.

జనసాంద్రతకు ఎక్కువ సమయం పెట్టకండి. 2011లో చదరపు కిలోమీటరుకు పాత ఆదిలాబాద్‌లో 170 మంది, హైదరాబాద్‌లో 18,000 పైచిలుకు. ఆదిలాబాద్‌లో చాలా భాగం అడవి కాబట్టి, జనాభాను మొత్తం నేలతో కాకుండా సాగు నేలతో భాగిస్తే వచ్చే సాంద్రత వేరుగా ఉంటుందని ఒక వాక్యం కలపండి. సంతాన సాఫల్యత, అంటే ఒక స్త్రీకి సగటున పుట్టే పిల్లలు, కూడా అంతే: ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణది 1.8, జనాభా నిలకడగా ఉండాలంటే 2.1 కావాలి. దీన్ని మళ్లీ వలసతో కలపండి. పిల్లలు తగ్గి, చదువుకుని, ఊరు విడిచాక పొలం పని ఎవరు చేస్తారు? ఇప్పుడు మా అత్తగారి ఊళ్లో నాట్లు వేసేది బీహార్ నుంచి వచ్చిన బృందాలు. ఏ ఊరి నుంచి మనవాళ్లు వెళ్లారో ఆ ఊరికే ఇంకొకరు వస్తున్నారు. వాళ్లకూ ఇంటి దగ్గర ఒక తల్లి ఉంటుంది, ఫారంలో వాళ్ల పేరు లేదని అడుగుతుంది.

మీరు చేయాల్సింది ఇది. ఒక ఆదివారం మీ వాడలో పది ఇళ్లకు వెళ్లండి. పుట్టిన ఊరు, వచ్చిన కారణం, ఇంట్లో మాట్లాడే భాష, బయట మాట్లాడే భాష, పోయే జాతర, దూరాన ఉన్నవాళ్లు. ఈ ఆరూ రాసుకోండి. అమ్మతో, నానమ్మతో మొదలుపెట్టండి. రాసుకున్న ప్రతి జవాబు పక్కన పుస్తకంలోని మాట ఏది సరిపోతుందో పెన్సిల్‌తో రాయండి. మా విద్యార్థులతో ఏటా ఇదే చేయిస్తాను. సరిపోయే మాట దొరకని జవాబులు కూడా వస్తాయి. వాటిని కొట్టేయకండి, మీ టీచర్‌ని అడగండి.

అన్న మూడేళ్ల కింద తిరిగి వచ్చేశాడు. మళ్లీ జనగణన 2027లో. ఇంతకుముందు ఎక్కడున్నావని అడిగితే దుబాయ్ అని, వచ్చి ఎన్నేళ్లని అడిగితే సరిగ్గా లెక్క చెప్పమని ఇప్పటికే చెప్పి పెట్టాను. అమ్మ మాత్రం ఎన్యూమరేటర్ వచ్చిన రోజు ముందు వాడి పేరే రాయిస్తానంటోంది.