సముద్రపు నీటిలో సున్నం పోస్తే

"ఎడారి గనుల్లో ఖనిజం నుంచి లోహం తీయడానికి సముద్రపు నీరు పనికొస్తుందా? ఉప్పుకి మెషిన్లు పాడైపోవా?" అని అడిగారు. శుభ్రంగా పనికొస్తుంది. చిలీలో, అటకామా ఎడారిలో ఒక రాగి ప్లాంటులో రెండేళ్లు పనిచేశాను. మా మిల్లులోకి పసిఫిక్ నీళ్లు ఉప్పు తీయకుండానే వచ్చేవి. ఆ ప్రాంతంలోనే ఎస్పెరాంసా అనే గని (ఇప్పుడు సెంటినెలా అంటున్నారు) 2011 నుంచి ఇదే పద్ధతిలో నడుస్తోంది.

తుప్పు సంగతి ఇంజనీర్లు ఎప్పుడో చూసుకున్నారు. లోపల లైనింగ్ వేసిన పైపులు వాడతారు, అంతే. అసలు తంటా సున్నంతో.

నేను అంతకుముందు మంచినీళ్లతో నడిచే ప్లాంటులో చేసినవాణ్ణి. ఫ్లోటేషన్‌లో (ఖనిజం పొడిని నీళ్లలో కలిపి గాలి ఊదితే, లోహమున్న రేణువులు బుడగలకు అంటుకుని నురగలో తేలే పద్ధతి) రాగి నురగతో పాటు పైరైట్ (మాకు అక్కర్లేని ఇనుప ఖనిజం) తేలకుండా సున్నం వేసి పీహెచ్ 11 దాకా లాగడం నాకు చేతికొచ్చిన అలవాటు. చేరిన మొదటి నెలలోనే, ఒక నైట్ షిఫ్టులో ఆ పనే చేశాను. మీటరు 10 దగ్గర మొరాయించింది. ఇంకాస్త సున్నం, మళ్లీ ఇంకాస్త. తెల్లవారుజామున మూడింటికి చూస్తే, రాగితో పాటు తీసే ఇంకో లోహం మాలిబ్డినం రికవరీ ఢమాల్. నాకు చెమటలు! (ఎడారి అంటే వేడి అనుకుంటారు మనవాళ్లు. ఆ రాత్రుళ్లు స్వెటర్ లేకుండా బయటికి రాలేం.)

మా షిఫ్టులో ఒక పెద్దాయన ఉండేవాడు, ముప్ఫై ఏళ్ల సర్వీసు. నన్నేమీ అనలేదు. సీసాలో సముద్రపు నీళ్లు పట్టి, చెంచాడు సున్నపు తేట పోసి చూపించాడు. పాలు విరిగినట్టు తెల్లగా విరిగిపోయింది. లీటరు సముద్రపు నీటిలో 1.3 గ్రాముల దాకా మెగ్నీషియం ఉంటుంది. పీహెచ్ 10 దగ్గరికి వచ్చేసరికి అది హైడ్రాక్సైడుగా విడిపోయి మాలిబ్డెనైట్ (మాలిబ్డినం ఉండే ఖనిజం) రేణువులకు పూతలా పట్టేస్తుంది, ఇక బుడగ అంటుకోదు. పోసిన సున్నమంతా ఆ మెగ్నీషియమే తినేస్తుంది కాబట్టి మీటరూ కదలదు. ఆయనే వెళ్లి వాల్వ్ కట్టేశాడు. నీటి సహజ పీహెచ్ 8 దగ్గరే నడిపి, పైరైట్ పని మెటాబైసల్ఫైట్ లాంటి రసాయనాలతో కానిస్తే సరిపోతుంది. రిపోర్టులో మాత్రం "సున్నం మోతాదు సర్దుబాటు" అని రాసుకున్నాను.

ఇంకో మాట. మీటింగుల్లో ప్రతివాడూ డీశాలినేషన్ (నీటిలో ఉప్పు తీయడం) ఖర్చు గురించే మాట్లాడతాడు, ఎత్తు మాట ఎవరూ ఎత్తరు. వెయ్యి లీటర్లకు ఉప్పు తీయడానికి 3, 4 యూనిట్ల కరెంటు చాలు. అవే నీళ్లను 2,300 మీటర్ల పైకి ఎక్కించాలంటే, పంపుల నష్టం కలపకుండానే 6 యూనిట్లు దాటుతుంది. ఎస్కొండిడా గని 3,100 మీటర్ల ఎత్తున ఉంది, లెక్కేసుకోండి. నన్నడిగితే ఉప్పు తీయడం చాలా చోట్ల దండగే. చివర్లో కాన్సంట్రేట్ (నురగ నుంచి తీసిన రాగి పొడి) కడగడానికి కాసిని మంచినీళ్లుంటే చాలు, ఎందుకంటే అందులో ఉప్పు తాలూకు క్లోరైడ్ ఉంటే దాన్ని కరిగించి లోహం తీసే స్మెల్టర్ వాళ్లు ఊరుకోరు.

మీరు అడిగే గని సముద్రానికి ఎంత ఎత్తులో ఉందో రాయలేదు. ముందు అది చెప్పండి.