నెత్తుటి పాకం సంగతి

తమ్ముడూ,

తక్కువ ఖర్చుతో తీసిన దెయ్యాల సినిమాల మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. భాష బాగుంది. కానీ "చెత్తగా ఉండటమే ఈ సినిమాల అందం" అన్నావు చూడు, అక్కడ ఒళ్ళు మండింది. చెత్త సినిమాలు వారానికి నాలుగొస్తాయి. వాటిని పదేపదే ఎవరు చూస్తున్నారు?

1981 నాటి 'ది ఈవిల్ డెడ్'లో నెత్తురు నకిలీదని ఒక్క ముక్కలో తేల్చేశావు. దేనితో చేశారో రాయవద్దూ? మొక్కజొన్న సిరప్, ఎర్రరంగు, కాఫీలో కలిపే క్రీమర్ పొడి. సిరప్‌లో రంగొక్కటే కలిపితే షర్బత్‌లా అవతలి వెలుతురు కనిపిస్తుంది. క్రీమర్ పడితేనే చిక్కబడి నెత్తురనిపిస్తుంది. అయితే అది పాకమే కదా, ఆరితే బిగుస్తుంది. హీరో బ్రూస్ కాంప్‌బెల్ చొక్కా మంట దగ్గర ఆరబెడితే అట్టకట్టి, తొడుక్కోబోతే విరిగిందట. అరిసెల పాకం ముదిరితే ఏమవుతుందో ఎరిగిన మనవాళ్ళకి వేరే చెప్పాలా?

అడవిలో దెయ్యం దూసుకొచ్చే షాట్లూ అంతే. కెమెరాని పొడవాటి చెక్క మధ్యలో బిగించి, చెరో కొస పట్టుకుని ఇద్దరు పరుగెత్తారు. ఒకడి అడుగు తడబడినా మధ్యనున్న కెమెరాకి చేరేది అందులో సగమే. దర్శకుడు పీటర్ జాక్సన్ 'బ్యాడ్ టేస్ట్'ని వారాంతాల్లో నాలుగేళ్ళు తీశాడు, మాస్కులు వాళ్ళమ్మ ఓవెన్‌లో కాల్చుకుంటూ. "బడ్జెట్ తక్కువ" అంటే ఏమీ చెప్పనట్టే, ఇవి చెప్పు. సంపాదకులు ముందు కొట్టేసేదీ ఇవే, "పాఠకుడు పారిపోతాడండీ" అంటూ. పారిపోడు. విడుదల రోజు మార్నింగ్ షోకే "కల్ట్ బొమ్మ" అనే వాళ్ళ రాతలు మాత్రం ఆ సంపాదకులకి ముద్దు!

ఇక నవ్వు. దెయ్యం కనపడగానే మన కమెడియన్ కెమెరా వైపు తిరిగి కళ్ళు తేలేస్తాడు. భయమూ పోయె, నవ్వూ పోయె. 1987లో వచ్చిన 'ఈవిల్ డెడ్ 2'లో దెయ్యం పట్టిన సొంత చెయ్యే కాంప్‌బెల్ నెత్తిన ప్లేట్లు పగలగొడుతుంది. అతనికి ప్రాణసంకటం, మనకి పొట్టచెక్కలు. ఆ పాత్రకి అదంతా తమాషా అని తెలిసిందా, సీను చచ్చిందే.

అసలు కోపం ఇంకా చెప్పలేదు. జపాన్ సినిమా 'వన్ కట్ ఆఫ్ ది డెడ్'. 2017, ముప్పై లక్షల యెన్ల ఖర్చు, మొదట 37 నిమిషాల ఒకే షాట్. నటులు మధ్యలో తెల్లమొహాలు వేసి ఊసుపోని కబుర్లాడటాన్నీ, ఆ షాట్ ఆఖర్న పైకి లేచిన కెమెరా తడబడటాన్నీ "అనుభవలేమి" అన్నావు. ఆ షాట్ అయ్యాక పేర్లు పడగానే కట్టేశావన్నమాట! ఆ షాట్ ఎలా తీశారో చూపించేది మిగిలిన సినిమాయే. ఆ కబుర్ల వేళ తెర వెనక ఒకడు తాగి పడున్నాడు, ఇంకొకడికి కడుపు చెడింది. క్రేన్ విరిగితే యూనిట్ మొత్తం ఉట్టి కొట్టేవాళ్ళలా ఒకరి మీద ఒకరెక్కి కెమెరాని పైకెత్తారు. నువ్వు చూసిన తడబాటు అదీ.

ఏ పత్రికకి పంపాలన్నావు. అదంతా తర్వాత. మిగిలిన గంట సినిమా చూసి, ఆ పేరా తిరగరాసి పంపు.

ఆశీస్సులతో,
అన్నయ్య