లెట్యూస్ ఎందుకు మొలవలేదు?

ప్రశ్న: ఒకే ట్రేలో టమాటా, లెట్యూస్ విత్తనాలు అర అంగుళం లోతున వేసి నల్ల కవరు కప్పాను. టమాటా మొలిచింది గానీ పాలిపోయి, సన్నగా సాగింది. లెట్యూస్ ఒక్కటీ రాలేదు. విత్తనం పాతదా?

జవాబు: విత్తనాన్ని అనుమానించే ముందు లోతు, కవరు చూడండి. చాలా లెట్యూస్ రకాలకు మొలకెత్తడానికి వెలుతురు కావాలి. విత్తనంలోని ఫైటోక్రోమ్ అనే వర్ణకం ఎరుపు కాంతి (సుమారు 660 నానోమీటర్లు) తగిలితే మొలకకు అనుమతిస్తుంది, దూర ఎరుపు (కంటికి దాదాపు కనబడని, సుమారు 730 నానోమీటర్ల కాంతి) తగిలితే ఆపేస్తుంది. 1952లో అమెరికాలోని బెల్ట్స్‌విల్ శాస్త్రవేత్తలు రెండు కాంతులూ మార్చి మార్చి ప్రసరింపజేసి, చివర పడినదే ఫలితాన్ని నిర్ణయిస్తుందని లెట్యూస్ మీదే చూపారు. ఎంత అందమైన ప్రయోగమో! ఆకులు ఎరుపును పీల్చుకుని దూర ఎరుపును వదిలేస్తాయి. కాబట్టి ట్రేని పాదు పందిరి కింద పెట్టకండి.

ఈసారి కోకోపీట్‌ను (కొబ్బరి పీచు పొడి) ముందే తడిపి, విత్తనాలు పైన చల్లి వేలితో అదమండి. కప్పాలనిపిస్తే 2 మిల్లీమీటర్లు మించకుండా వర్మిక్యులైట్ (తేలికైన ఖనిజపు పలుకులు) చాలు. నీళ్లు స్ప్రేతోనే కొట్టండి, ధారగా పోస్తే విత్తనం లోపలికి దిగిపోతుంది. పైపొర ఆరనివ్వకండి, నానిన విత్తనానికే వెలుతురు పనిచేస్తుంది. వేడి 30 డిగ్రీలు దాటితే వెలుతురున్నా చాలా రకాలు మొండికేస్తాయి. మన ఎండాకాలంలో ప్రయత్నించకపోవడమే మేలు.

టమాటా చీకట్లోనూ మొలుస్తుంది. అయితే మొలక వంపు కనబడిన రోజే కవరు తీసేయాలి, ఒక్కరోజు ఆలస్యమైనా కాడ సాగిపోతుంది. ఆ నారును వేరే కుండీలోకి మార్చి, బీజదళాల (మొలకకు మొదట వచ్చే రెండు ఆకుల) దాకా మట్టిలో పాతండి, కాడ నుంచి వేర్లు వస్తాయి.