సెప్టెంబరులో ఆశపడకు, కోసెయ్

అమ్మలూ,

ఆదివారం తోట చూడ్డానికి రమ్మన్నావు గానీ నా మోకాళ్ళు ఒప్పుకోలేదు. నువ్వు పంపిన ఫొటోలు చూశాక మాత్రం ఊరుకోలేక రాస్తున్నా.

మన ఊళ్ళో వానలు వెనకపట్టాకే పెరటికి కళ. చిక్కుడు పూతకొచ్చేదీ అప్పుడే. ఆ అలవాటు ఈ ఇంగ్లండులో మోసం చేస్తుంది. ఇక్కడ సెప్టెంబరులో రోజుకి దాదాపు 4 నిమిషాల వెలుగు తగ్గిపోతుంది. లెస్టర్‌లో అలాట్‌మెంట్ (కూరగాయలు పండించుకోడానికి అద్దెకిచ్చే నేలముక్క) తీసుకున్న తొలి ఏడు నేనూ 'ఇంకో వారం ఎండ కాయకపోతుందా' అని టమాటాలు చెట్టుకే ఉంచాను. రెండు రోజులు ముసురు పట్టింది, బ్లైట్ తెగులొచ్చింది. వారం తిరక్కుండా తోటంతా కుళ్ళు కంపు. ఏడ్చినంత పని చేశాను.

నీ ఫొటోలో టమాటా మొక్కల కింది ఆకుల మీద గోధుమరంగు మచ్చలున్నాయి. అందుకని మచ్చలేని కాయలన్నీ ఇవాళే కోసెయ్. దోరవాటిని ఓ అరటిపండుతో కలిపి అట్టపెట్టెలో పెట్టు, పండుతాయి. రోజూ చూస్తూ మచ్చపడ్డది తీసేస్తుండు. గట్టివి నువ్వులు, పచ్చిమిర్చి వేసి పచ్చడి చెయ్. ఆ పులుపు పండు టమాటాకి ఎక్కడిది!

బంగాళాదుంపలకీ ఇదే తెగులు. ఆకు మాడితే కాడలు మొదలంటా కోసి పారేసి, రెండు మూడు వారాలు ఆగి తవ్వు. వెంటనే తవ్వితే మట్టిమీది తెగులు దుంపకి అంటుకుంటుంది.

గుమ్మడికి మాత్రం తొందరపడకు. గోరు గుచ్చితే దిగకూడదు, తొడిమ బెండులా ఎండాలి. అందాకా కింద ఓ చెక్కముక్క పెట్టు, తడినేల మీద అడుగు కుళ్ళుతుంది. తొడిమతో సహా కోసి, పది రోజులు కిటికీ దగ్గర ఎండలో ఆరబెట్టు. తొడిమ పట్టుకుని ఎత్తావో, అది ఊడి కూర్చుంటుంది. సరిగ్గా ఆరితే సంక్రాంతి దప్పళానికి ఉంటుంది.

మిరప కుండీలు రాత్రి చలి 10 డిగ్రీలకి దిగకముందే ఇంట్లోకి తెచ్చెయ్. రన్నర్ బీన్స్ తీగలు నేలమట్టానికి కోసి వేళ్ళు మట్టిలోనే వదిలెయ్, నేలకి బలం. ఖాళీ అయిన మడిలో మెంతులు చల్లు, ఆకుకూరకైనా వస్తుంది. వెల్లుల్లి అక్టోబరులో నాటుకోవచ్చు.

దుంపలు తవ్వే రోజు ముందే చెప్పు. వాటిని ప్లాస్టిక్ సంచుల్లో పొయ్యకు, చెమర్చి కుళ్ళుతాయి. నా షెడ్డులో నాలుగు గోనెసంచులున్నాయి, మీ పెదనాన్నతో పంపిస్తాను.

పెద్దమ్మ