మూత్రసంచిలో గడ్డ అని రాస్తే క్యాన్సరేనా?

మీ అత్తగారి స్కానింగ్ రిపోర్టులో మూత్రసంచికి కుడివైపు గడ్డ, క్యాన్సర్ అనుమానం అని రాశారన్నారు. వెంటనే ఆపరేషన్‌కి ఒప్పుకోవాలా అని అడిగారు. నాలుగేళ్ల కిందట మా అమ్మ రిపోర్టులోనూ ఇదే రాశారండి. మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. అమ్మకి మూత్రంలో మంట, చలిజ్వరం, రెండుసార్లు ఎర్రగా కూడా పడింది. ఆ కాగితం చూశాక రాత్రి ఎవరం అన్నం ముట్టలేదు.

కాకినాడలో యూరాలజిస్టుగారు ముందు ఇన్‌ఫెక్షన్‌కి మందులిచ్చి, తగ్గాక మళ్లీ స్కానింగ్‌కి పంపారు. ఈసారి డాక్టరమ్మగారు ప్రోబు ఒకేచోట ఆనించి, కదపకుండా చాలాసేపు చూశారు. నన్ను లోపలికి పిలిచి స్క్రీన్ చూపించారు. పల్చటి గోడతో ఒక నీటిబుడగ. మెల్లగా ఉబ్బుతోంది, తగ్గుతోంది, మళ్లీ ఉబ్బుతోంది. కలర్ డాప్లర్ (లోపల ద్రవం కదలికని రంగుల్లో చూపేది) పెట్టగానే దాని మూతి నుంచి మూత్రం ఎర్రటి జీరలా చిమ్మింది. "గడ్డయితే ఇలా ఉబ్బి తగ్గదండీ" అన్నారావిడ.

దాన్ని యురెటరోసీల్ అంటారు. కిడ్నీ నుంచి వచ్చే గొట్టం చివర ఇరుకై, మూత్రసంచి లోపలికి బుడగలా ఉబ్బుతుంది. మామూలుగా పుట్టుకతో ఉండేదే, కొందరికి పెద్దయ్యాక గానీ బయటపడదు. అమ్మకి అందులో రాయి కూడా ఉంది. చీము, మడ్డి చేరడంతో మొదటిసారి గట్టి గడ్డలా కనిపించిందట. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చూసి, రంగు మందు ఎక్కించి తీసే సీటీ యూరోగ్రామ్ అనే స్కాన్ తీస్తే, మందు దిగేసరికి అచ్చం నాగుపాము పడగే. డాక్టర్లు కూడా దాన్ని ఆ పేరుతోనే పిలుస్తారు. ఏటా నాగులచవితికి పుట్టలో పాలు పోసే మా అమ్మ ఆ ఫిల్ముకి దణ్ణం పెట్టుకుంది.

అలాగని మీదీ బుడగేలే అని ఊరుకోకండి. గొట్టం మూతి దగ్గర నిజంగా క్యాన్సర్ ఉన్నా, రాయి ఇరుక్కున్నా పడగలాంటి ఆకారం రావచ్చు. అప్పుడు దాని అంచు పల్చగా, నున్నగా కాకుండా మందంగా, ఎగుడుదిగుడుగా ఉంటుంది. తేల్చడానికి మూత్రసంచిలోకి సన్నటి కెమెరా పంపి చూసే సిస్టోస్కోపీ చేస్తారు. అమ్మకి కెమెరాలో నున్నటి పొర కప్పిన బుడగ కనిపించింది. క్యాన్సరయితే చాలాసార్లు కాలీఫ్లవర్‌లా, నాచులా ఉంటుందని చెప్పారు. నొప్పి లేకుండా రక్తం పడుతున్నా, చుట్ట, సిగరెట్ అలవాటున్నా ఈ పరీక్ష అస్సలు వాయిదా వేయొద్దు.

అమ్మకి బుడగ కింది భాగంలో చిన్న గాటు పెట్టి రాయి తీసేశారు. గడ్డనుకుని మొత్తం కోసేసి ఉంటే మూత్రం కిడ్నీవైపు వెనక్కి తన్నే ప్రమాదం ఎక్కువట. అందుకే కోత కంటే ముందు అదేంటో తేలాలంటున్నాను.

మళ్లీ స్కానింగ్‌కి వెళ్తే సీసాల కొద్దీ నీళ్లు తాగించకండి. సంచి మరీ నిండితే బుడగ నొక్కుకుపోయి కనిపించకపోవచ్చు. పాత ఫిల్ములు వెంట తీసుకెళ్లి, "ఇది యురెటరోసీల్ అయ్యుండచ్చా, డాప్లర్ పెట్టి చూస్తారా?" అని నోరు తెరిచి అడగండి.